నూకరత్నం చుట్టిన పంచె

మా పక్కింటి నూకరత్నం గొప్పలు మొదలుపెట్టిందంటే మన పొయ్యి మీద పాలు పొంగిపోవలసిందే. ఆమెది తుని దగ్గర పల్లె. రైల్వేలో పనిచేసే భర్త పోయాక, సీతాఫల్‌మండిలో రెండు గదులు పట్టుకుని, పట్టుచీరలకు పాలిష్, రోలింగు చేసి, కొడుకు వాసును ఇంజనీరింగ్ చదివించింది. "నా చేతిలో పడ్డ చీరకి పురుగు పట్టిందా ఎప్పుడైనా? చెప్పు కల్పలతా!" అనేది. పట్టదు మరి! చీరల మడతల్లో ఆమె పెట్టే కలరా ఉండల వాసనకు పురుగులేం ఖర్మ, మనుషులే పారిపోతారు. నాకు ఒళ్లు మండేది. అయినా ఆ మనిషంటే నాకు ప్రాణం.

హైటెక్ సిటీ కొత్తగా వెలుగుతున్న రోజులవి. వాసుకు అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోడలు దేవికకూ అక్కడే. దేవిక తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారే పోసింది.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. బారసాల దాకా బిడ్డకు కొత్తబట్ట తగలనివ్వరు. నిండుగా బతికిన పెద్దాయన కట్టిన పంచెలో చుడతారు, ఆ ఆయుష్షు బిడ్డకు వస్తుందని. నూకరత్నం మామగారు తొంభై దాటి బతికారు. ఆయన పంచెను ఎన్నో ఏళ్లుగా ట్రంకుపెట్టెలో దాచింది. మనవడు ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే తీసి, దులిపి, చుట్టింది.

"జెర ఉతికి చుట్టరాదా అక్కా? గింత వాసనేంది?" అన్నాను.

"ఏటీ? ఆయన ఆయుష్షు ఉతికీమంటావా?" అని నా మీదికి లేచింది.

రెండు మూడు రోజులకే పిల్లవాడు పసుపు ముద్దయ్యాడు. పాలు తాగడం మానేశాడు. మూత్రం కాఫీ డికాక్షన్‌లా వచ్చింది. ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టర్ లీలాకుమారి రక్తం పరీక్ష చేయించి, "వీడి ఎర్రకణాలు కుప్పలుగా చచ్చిపోతున్నాయి. ఆపకపోతే ప్రాణానికే ముప్పు. రక్తం మార్చాలి. ఏ మందు వేశారు? పసరేమైనా పోశారా?" అంది. ఏమీ లేదన్నాం.

కామెర్లు తగ్గడానికి బిడ్డను నీలి దీపం కింద పడుకోబెట్టాలని నర్సు ఎమిలీ పంచె విప్పుతూ ముక్కు మూసుకుంది. అంత ఏడుపులోనూ నూకరత్నానికి రోషం వచ్చింది. "మా మామగారి పంచమ్మా అది! ఒక్క పోగు తెగిందేమో చూడు. మడత మడతకీ కలరా ఉండలేసి దాచేను!"

డాక్టర్ చటుక్కున వెనక్కి తిరిగింది. పంచెను అప్పటికప్పుడు బయట పారేయించి, బిడ్డ ఒళ్లు శుభ్రం చేయించింది.

తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. ప్రతి ఎర్రకణం లోపలా చావు ఏర్పాటు ముందే ఉంటుందట. నాలుగు నెలలు పనిచేసి ముసలిదయ్యాక తనే ముడుచుకుని, తనను తీసేయమని పైకి గుర్తు చూపిస్తుందట. ఒళ్లు దాన్ని చప్పుడు లేకుండా తీసేస్తుంది. అది ఆరోగ్యమే. కానీ ఈ బిడ్డ కణాలకు కాపు కాసే ఎంజైమ్ ఒకటి పుట్టుకతోనే తక్కువ. ఆ ఉండల ఘాటుకు పడుచు కణాలు కూడా ముందే గుర్తు చూపించి పోతున్నాయి, కొన్ని పగిలిపోతున్నాయి.

"ఆయుష్షనుకుని చుట్టేను కదమ్మా," అంది నూకరత్నం. నాకు ఏడుపు ఆగలేదు.

రక్తం మార్చారు. బిడ్డ దక్కాడు. వాడు ఇంటికి వచ్చేలోపే నూకరత్నం ఎవరి చీరలు వాళ్లకు ఇచ్చేసి, కలరా ఉండలన్నీ పారేసి, గోడలతో సహా ఇల్లు కడిగింది. అన్నం పెట్టిన పనికే దండం పెట్టేసింది. కానీ మనవణ్ణి మాత్రం ముట్టుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్లిపోయేది. ఎంత బతిమాలినా వినలేదు.

బారసాల నాడు ఆమె తమ్ముడు లోవరాజు వచ్చాడు. ఈ లోపం మగపిల్లలకు తల్లి నుంచే వస్తుందని వాసు నోటివెంట విన్నాడట. ఉయ్యాల దగ్గర అందరూ చేరాక గొంతు పెంచాడు. "అయితే అప్పా, రోగం నీ కోడలు తెచ్చిందన్నమాట!"

దేవిక తల వంచుకుంది. నా నోటిదాకా తిట్టు వచ్చింది. అంతలో నూకరత్నమే ముందుకు వచ్చింది.

"ఒరే లోవరాజూ! తన రక్తంలో ఏటుందో ఆ పిల్లకేటి తెలుసు? పంచె చుట్టింది నేను. ఉతకమంటే ఉతకనిది నేను. బిడ్డని చావు దాకా తీసుకెళ్లింది ఈ చేతులురా, దాని కడుపు కాదు. అనాలంటే నన్ను అను. దాన్ని అన్నావో, గడప దిగు!"

శభాష్ అక్కా అని అరవబోయి ఆగిపోయాను. అంతమంది చుట్టాల్లో అలా నిలబడ్డ మనిషి మా పక్కింటి మనిషని నా గుండె ఉప్పొంగింది.

దేవిక లేచి బిడ్డను తెచ్చి అత్తగారి ముందు నిలబడింది.

"ఆ చేతుల్తోనే ఉయ్యాల్లో వెయ్యండి అత్తయ్యా."

నూకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. అప్పుడు అందుకుంది మనవణ్ణి.