కంపెనీ వాకిట్లో పస్తు

నందికొట్కూరు నుంచి కడప జిల్లాలో ఒక పల్లెకు కోడలిగా పోయిన నాకు, ఆ ఊళ్ళో అన్నిటికన్నా ముందు తెలిసివచ్చింది నీళ్ళ సంగతి. ఊరి నడుమ బావిలో ఉప్పునీళ్ళు. వాటితో పప్పు పొద్దంతా ఉడికించినా పలుకు పోదు, తాగబోతే గొంతు దిగవు. మంచినీళ్ళంటే గుట్ట కింది ఊటబావి ఒక్కటే. పందొమ్మిది వందల యాభైల్లో, నా పెళ్ళైన కొత్తలోనే, ఆ గుట్టను ఒక విదేశీ కంపెనీ కౌలుకు తీసుకుంది. గుట్ట నిండా ముగ్గురాయి. మేము పొడి కొట్టి వాకిట్లో ముగ్గు వేసుకునే రాయే అది. దాన్ని ఓడల్లో ఎక్కించుకుపోయి ఎక్కడో చమురు బావులు తవ్వే చోట వాడతారని విన్నాం. మా రాయితో వాళ్ళు బావులు తవ్వుకోవడం బాగానే ఉంది, మా బావిని మాత్రం కంచె లోపల పెట్టేశారు.

చుట్టూ ముళ్ళకంచె, ముందర ఇనుప గేటు. ఇక మంచినీళ్ళకు పొరుగూరికి పోవాల్సి వచ్చింది. నెత్తిన ఒక బిందె, చంకన ఒకటి, పైన ఎండ. పుట్టింట్లో ముద్దుగా పెరిగినదాన్ని, మొదట్లో దారిపొడుగునా ఏడ్చేదాన్ని. మా అత్త ఓదార్చలేదు. "ఏడ్చి ఒంట్లో ఉండే నీళ్ళు కూడా పోగొట్టుకోవాకమ్మే" అంది. ఆమె మాట తీరే అంత.

మగవాళ్ళు తాలూకా కచేరీకి పోయి అర్జీ ఇచ్చి వచ్చారు. కాఫీ తాగి వచ్చారనడమే సరిగ్గా ఉంటుంది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. అన్యాయం జరిగినవాళ్ళు, అది చేసినవాళ్ళ వాకిట్లో పోయి పస్తు కూర్చుంటారు. అరవరు, తిట్టరు. వాకిట్లో మనిషి ఆకలితో కూర్చున్నంతసేపు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, ఎవరూ మెతుకు ముట్టకూడదు. పొలంగట్టు కలిపి దున్నుకున్న సొంత మరిది వాకిట్లో మా అత్త ఒకసారి అలా కూర్చుందట. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, గట్టు మళ్ళీ వేయిస్తానంటూ ఆయనే బయటికి వచ్చాడట. ఆ పద్ధతి మీద ఆమెకు అంత నమ్మకం.

ఒక ఉదయం ఆడవాళ్ళం ఖాళీ బిందెలతో గేటు ముందర కూర్చున్నాం. గేటు లోపలే మేనేజరు బంగళా. ఆయన మదరాసు నుంచి వచ్చిన మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవాడు. సంగతంతా విని నొచ్చుకున్నాడు.

"నేను జీతగాణ్ణమ్మా. బావి మీకిచ్చే అధికారం నాకు లేదు. కంపెనీ ఇంగ్లండులో ఉంది."

"ఆ కంపెనీ ఇల్లు యాడుంటే ఆడికే పోయి కూచుంటాం. ఆయప్ప పేరేందో చెప్పు" అంది అత్త.

"కంపెనీ అంటే ఒక మనిషి కాదు. వేలమంది డబ్బు పెట్టి వాటాలు కొనుక్కున్నారు. ఇక్కడ ఒక ఊరుందని కూడా వాళ్ళకు తెలియదు."

"ఒగరికొగరన్నా తెలుసునా?"

"తెలియదు."

తప్పు చేసినవాడికి వాకిలి లేకపోవడం అత్త ఎప్పుడూ ఎరగనిది. చివరికి తేల్చి చెప్పింది.

"అంతమందిని పస్తు పెట్టాలంటే మా చేత కాదులే. వాళ్ళందరి బదులు నువ్వే తినకుండా ఉండప్పా."

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. మధ్యాహ్నం మాకు గంగాళంతో పెరుగన్నం పంపాడు. మేము ముట్టలేదు. వంటమనిషి గంగాళం వెనక్కి తీసుకుపోతూ, "ఆయప్ప కూడా తినలా. విస్తరి ముందర కూచోని లేచిపోయినాడు" అని చెప్పాడు. పొద్దు వాలాక ఆయనే తాళంచెవి తెచ్చి గేటు తీశాడు. రోజూ ఉదయం పనివాళ్ళకు సైరను మోగేదాకా నీళ్ళు తోడుకోమన్నాడు. ఆ పూట మా ఇంట్లో పప్పు మెత్తగా ఉడికింది. ఆ ఊరు నాకు నచ్చడం అదే మొదలు.

ఆ సుఖం కొన్ని నెలలే. కంపెనీని అడక్కుండా గేటు తీసినందుకు ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారని విన్నాం. కొత్త మేనేజరు వచ్చిన రోజే గేటుకు తాళం పడింది. మరుసటి ఉదయం మళ్ళీ బిందెలతో పోయి కూర్చున్నాం. ఆయన మాతో మాట్లాడటానికి రాలేదు. మధ్యాహ్నం వరండాలో బల్ల వేయించుకుని, మాకు ఎదురుగానే భోంచేశాడు. మమ్మల్ని ఉడికించాలని కాదు, ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆకలేసింది, తిన్నాడు. చారు బాగున్నట్టుంది, మళ్ళీ పోయించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, రాయి తీసుకుని విసరాలనిపించింది.

అత్త మాత్రం ఆయన చేయి కడుక్కునేదాకా చూసింది. తర్వాత చీర దులుపుకుని లేచింది.

"రాండమ్మా, పోదాం. ఈయప్ప తింటాండాడు. ఇంక ఈడ కూచోని లాభం లేదు."

అవే బిందెలతో పొరుగూరి దారి పట్టాం. ఆ తర్వాత జెండాలు పట్టుకుని వచ్చినవాళ్ళూ, కంపెనీల మీద ఉపన్యాసాలు చెప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. బావి మాత్రం కంచె లోపలే ఉండిపోయింది.

ఆ రోజు సగం దారిలో అత్త బిందె చంక మార్చుకోవడానికి ఆగింది. గుట్ట వైపు చూడలేదు. మదరాసు రైలు పోయే దిక్కుకు చూసింది.

"పాపం ఆ మదరాసాయప్ప, ఇప్పుడు యాడుండాడో. తినేదానికి ఏమన్నా ఉండాదో లేదో" అంది.