దులిపిన తువ్వాల

మా ఊళ్లో ఒకాయన ఎవరింటికి వచ్చినా, వెళ్లేముందు ఏమీ దాచలేదన్నట్టు భుజం మీది తువ్వాలను గడప దగ్గర దులిపి చూపేవాడు. కుర్రతనంలో ఒక కోడి పోతే ఊరు ఆయన్ను కోళ్లదొంగ అంది. అది పిల్లి పనని తేలినా పేరు పోలేదు.

"ఎట్లయినా దొంగనే అంటున్రు గదా అని, తర్వాత నిజంగనే మూడు కోళ్లు పట్టిన," అని నవ్వేవాడు.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది మా అవ్వ కంటి ఆపరేషన్‌కు నల్లగొండ దవాఖానకు పోతూ, అందరూ వద్దంటున్నా కోళ్లగూడు ఆయనకే అప్పగించింది. "దొంగలెట్లొస్తరో నీకే ఎరుక. జర చూడు బిడ్డా," అంది.

వారానికి తిరిగొచ్చేసరికి ఆయన గూటి ముందే కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క కోడీ పోలేదు.

"దొంగపిల్లొకటి రెండుసార్లొచ్చింది అవ్వా," అన్నాడు కోపంగా.

ఆ రోజు తువ్వాల దులపకుండానే వెళ్లిపోయాడు.