నీలం రంగు మందు

ల్యాబులో స్పిరిట్ వాసన తగిలితే నాకిప్పటికీ మా అయ్య సీసా గుర్తొస్తుంది.

చిన్నప్పుడు, సుగరేమోనని మా అయ్య తన మూత్రం సీసాలో పోసి నర్సీపట్నం కాంపౌండరుగారి దగ్గరికి నన్ను పంపాడు. దారిలో అది ఒలికిపోయింది. తంతాడని భయపడి, సీసాలో నాదే పట్టి ఇచ్చాను. ఆయన నీలం రంగు మందులో నాలుగు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాడు. రంగు మారలేదు.

"సుగర్ నేదే పిల్లా. మీ అయ్యని బెల్లం తినమని సెప్పు."

ఇంటికొచ్చి చెప్పగానే అయ్య బెల్లం ముక్క నోటి దాకా ఎత్తాడు. చెయ్యి పట్టుకుని లాగేశాను.

"తినకయ్యా! ఆ సీసాలోది నాది!"

కొట్టలేదు. ఆ ముక్క నా నోట్లో పెట్టాడు. మర్నాడు తనే వెళ్లాడు. మందు ఇటుకరంగుకు తిరిగిందట, సుగరేనట.

ముసలితనంలో అక్షరాలు నేర్చాను. ఇవాళ నా రిపోర్టులో సుగరుందని నేనే చదువుకున్నాను. ఇంటికొచ్చి బెల్లం డబ్బా మనవరాలి చేతిలో పెట్టాను.