సంచి ముందుకా, వెనక్కా

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల నీడన ఉన్న ఒక సైకిలు సామాన్ల దుకాణానికి వెళ్లాను. మోకాళ్లు అరిగాయి కాబట్టి నడక తగ్గించి సైకిలు తొక్కమని డాక్టరు చెప్పడం, అల్లుడు ఎక్కడి నుంచో మడతపెట్టే చిన్న చక్రాల సైకిలొకటి తెచ్చి మా ఎల్బీనగర్ అపార్టుమెంటు లిఫ్టు పక్కన నిలబెట్టడం ఒకే నెలలో జరిగాయి. దాని మీద నేను కూర్చుంటే మనవడి బొమ్మ లాక్కుని ఎక్కినట్టుంటుందని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ అనుకుంటాను. అయితే ఈ మధ్య నాకు షుగరు కూడా వచ్చింది, మాత్రలు వేసుకుని సైకిలు తొక్కేవాడు కాస్త తీపి దగ్గర లేకుండా వీధిలోకి వెళ్లకూడదన్నారు. ఆ తీపి, మంచినీళ్ల సీసా, కళ్లజోడు, తాళాలు, ఫోను పట్టే సంచి ఒకటి కావలసి వచ్చింది. దుకాణదారు కొన్ని రకాలు బల్ల మీద పరిచి, తలెత్తకుండానే "ముందట తగిలిస్తరా సార్, ఎనుక కట్టుకుంటరా?" అని అడిగాడు. అది అతను వచ్చినవాళ్లందరినీ అడిగే ప్రశ్నే. నేను మాత్రం కొంచెం మంచినీళ్లిమ్మని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఇదే ప్రశ్న ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో దుకాణదారు చాలా ఏళ్ల కిందట మా అక్కను అడిగాడు. ఆమె బదులు నేను జవాబు చెప్పాను.

నా ఈడువాళ్లకు అప్పటి ఆ రోడ్డు గుర్తుండే ఉంటుంది. ఎల్బీనగర్ చౌరస్తా దాటితే లారీలు, ఖాళీ జాగాలు, ఎండ. నాదర్‌గుల్ వైపు నుంచి విమానం నేర్చుకునేవాళ్లు తలమీద గిరగిర తిరుగుతుంటే పనులాపి చూసేవాళ్లం. వనస్థలిపురంలో మా కాలనీ ఇళ్లకింకా సున్నం వాసన పోలేదు. నాన్న ఉద్యోగం వల్ల తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చినవాళ్లం కాబట్టి ఇంట్లో మా మాట మాదే, గడప దాటితే అక్కడి మాట. నేను బళ్లో చేరిన ఏడాదే రెండూ పట్టేశాను. ఇంట్లో పంచదార, కిరాణా కొట్లో చక్కెర. అక్క మాత్రం ఎక్కువగా ఇంటిపట్టునే పెరిగింది, దాని నోట మా ఊరి మాటే నిలిచిపోయింది.

ఇంటిపట్టున పెరగడానికి కారణం దాని జబ్బు. చిన్నతనంలోనే షుగరు వచ్చింది. ముసలివాళ్లకు రావలసిన రోగం పసిపిల్లకు వచ్చిందంటే జనం ఏమనుకుంటారోనని అమ్మ ఎవరికీ చెప్పనిచ్చేది కాదు. ఇన్సులిన్ సీసా పక్కింటి ఫ్రిజ్జులో దాచి, అది కళ్లమందని చెప్పింది. పొద్దున్నే గాజు సిరంజిని నీళ్లలో మరిగిస్తుంటే గిన్నెలో అది టకటకమనే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. నాకంటే పెద్దదే అయినా అక్క నా భుజం దాకా కూడా ఎదగలేదు. అందుకే నేను చిన్నప్పుడు తొక్కి, మోకాళ్లు హ్యాండిలుకు తగులుతున్నాయని వదిలేసిన చిన్న సైకిలు దానికి సరిగ్గా సరిపోయింది.

ఆ సైకిలు మీద కొత్తపేటలో టైపు నేర్చుకోవడానికి వెళ్లేది. దానికి చేతనైనన్ని పనులు నాకు ఈనాటికీ చేతకావు గాని, టైపు మిషను ముందు కూర్చుంటే మాత్రం ఇనిస్టిట్యూటు నడిపే ఆయన కూడా వచ్చి వెనక నిలబడి చూసేవాడట. హయ్యరు పరీక్ష ఒకటి గట్టెక్కితే నాన్న ఆఫీసులోనే చేర్చుకుంటామన్నారు. "ఒక్కసారి ఉద్యోగం రానీరా, నా మందు నేను మా ఇంటి ఫ్రిజ్జులోనే పెట్టుకుంటాను" అనేది. దాని కోరిక అంతకు మించి లేదు.

సైకిలు హ్యాండిలుకు అమ్మ కుట్టిన గుడ్డసంచి వేలాడేది. పాత లంగా అంచులు అతికి, అక్కడక్కడ అద్దాలు కుట్టిన సంచి. మూతి తెరిచే ఉండేది. అందులో టిఫిను డబ్బా, టైపు కాగితాలు, వాటి మీద మూతున్న చిన్న స్టీలు బరిణె నిండా పంచదార. మందు ఎక్కువై, ఒంట్లో షుగరు మరీ పడిపోయి కళ్లు మసకబారి చెమట పడితే అక్క ఒక కాలు నేలకానించి, సంచిలో చెయ్యి పెట్టి, బరిణె మూత బొటనవేలితో లేపి చిటికెడు నోట్లో వేసుకునేది. అంతే, మళ్లీ తొక్కుకుంటూ పోయేది.

నేను అదే దారిలో బస్సులో దిల్‌సుఖ్‌నగర్‌లోని కాలేజీకి వెళ్లేవాణ్ణి. ఒకరోజు కిటికీలోంచి అక్క కనిపించింది. నా పక్కన నిలబడ్డ స్నేహితుడు దాన్ని చూసి, "అరె, గటు చూడుర బై. సోది చెప్పేటామె సైకిల్ మీద వోతున్నది. సంచిల అద్దాలు సుత ఉన్నయ్" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆ రోజు నుంచి వాళ్లకది సోదమ్మ. ఎదురుపడినప్పుడల్లా, "సోదమ్మా, మా రిజల్టు ఏమొస్తదో జర చెప్పరాదు" అని కిటికీలోంచి అరిచేవాళ్లు. ఆమె నా అక్క అని నేను చెప్పలేదు. ఇంటికెళ్లి, ఆ సంచి మార్చాలని నాన్నతో పోరు పెట్టాను. అక్కకు కొత్త సంచి కొనిపించాలని మనసుపడ్డ మంచి తమ్ముణ్ణని అమ్మ మెచ్చుకుంది.

అలా నాన్న మా ఇద్దరినీ దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చాడు. అక్క తన సామానంతా దుకాణం బల్ల మీద పెట్టి, దేంట్లో పడతాయో చూసుకుంటూ నింపాదిగా ఎంచుకుంది. చివరికి ముందు తగిలించే సంచి ఒకటి, గోధుమరంగు కాన్వాసుది, మూతి తెరిచి ఉండేది తీసింది. దుకాణదారు ముందుకా వెనక్కా అని అడిగింది అప్పుడే. నేను వెనక్కేనన్నాను. గోడకు వేలాడుతున్న నల్ల రెక్సిన్ సంచి చూపించాను. వెనక క్యారియరుకు తోలుపట్టీలతో బిగించేది, పైన మూత, మూతకు రెండు స్టీలు బకిళ్లు. ఆఫీసర్లు వాడేలా ఉంది.

"నాకు చేతికందాలిరా" అంది అక్క.

"తమ్మి, ఆమె సైకిలు, ఆమెకు నచ్చింది తీసుకోనియ్యి" అన్నాడు దుకాణదారు.

నేను అక్క చెవి దగ్గరికి వంగి, నాన్నకు వినిపించకుండా, "నీ రోగం ఊరందరికీ కనబడేట్టు మోసుకు తిరగాలా?" అన్నాను.

అక్క కాసేపు ఆ గోధుమరంగు సంచి మూతిని వేళ్లతో సవరించి, తర్వాత దాన్ని బల్ల మీద పెట్టేసింది. "ఆ నల్లదే తీసుకుందాం నాన్నా, దుమ్ము పడదు" అంది.

దుమ్ము పడలేదు నిజమే. కొన్నాళ్లు అంతా బాగానే జరిగింది. పరీక్షకు ముందు, ఎండలు ముదిరిన ఒక పొద్దున మా బస్సు కొత్తపేట పండ్ల మార్కెట్టు దగ్గర నెమ్మదించింది. రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉన్నారు. చుట్టూ బత్తాయిల గుట్టలు, మామిడి బుట్టలు, చెరకురసం బండి. వాటి నడుమ సైకిలు పక్కకు పడి, చిన్న చక్రం ఇంకా తిరుగుతోంది. నేల మీద కూర్చున్నది అక్క. ఒక చేతిని ఒళ్లో పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపుతోంది. "ఎవలికో ఫిట్స్ వచ్చినట్టున్నది" అన్నాడు కండక్టరు. నా స్నేహితుడు మెడ చాచి, "సోదమ్మ రా. సంచి మార్శిందని దేవునికి కోపమొచ్చింది" అన్నాడు. ఎవరో ఆమె గుప్పిట్లో తాళాల గుత్తి కుక్కుతున్నారు, ఇంకెవరో ముక్కు దగ్గర చెప్పు పెడుతున్నారు. అది ఫిట్స్ కాదని నాకు తెలుసు. ఏం కావాలో, అది ఏ సంచిలో ఉందో కూడా తెలుసు. నేను ఎడమవైపు కిటికీ పక్కనే కూర్చున్నాను. దిగడానికి వ్యవధి ఉంది. దిగితే ఈమె ఎవరని అడుగుతారు. బస్సు కదిలింది. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుని, కాలేజీకి వెళ్లి, సాయంత్రం దాకా క్లాసుల్లో కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి వరండాలో కొత్త మనిషి. మార్కెట్టులో బత్తాయిలు అమ్మే ఆవిడ, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. లోపల అక్క మంచం మీద, చేతికి కట్టు. ఆవిడే దవాఖానకు తీసుకెళ్లి, ఆటోలో ఇంటికి చేర్చి, మళ్లీ దుకాణానికి పోకుండా మా అమ్మ ఏడుపు ఆగేదాకా కూర్చుందట.

"నాది తప్పైంది తల్లీ" అని అమ్మతో చెబుతోంది. "బిడ్డ పంచ, దార అన్నది. నాలుక మొద్దువడ్డది, అర్థం కాలె. పంచ అంటె అరుగు మీద కూసుంటదేమో అనుకున్నం. ధార పొయ్యమంటుందని ఒకాయన నెత్తిమీద బిందెడు నీళ్లు కుమ్మరిచ్చిండు. సంచి దిక్కు చెయ్యి చూపిస్తె, ఎవలన్న ఎత్కపోతరని భయపడుతుందనుకోని నేనే దాన్ని తీసి నా గంప కింద దాచిన. నీ సంచి పైలంగ ఉన్నది బిడ్డా, పరేషాన్ గాకు అని చెప్పిన. చెప్తాంటె నన్ను చూసి ఏడ్సింది."

అక్క పూర్తిగా ఒరిగిపోయాక, ఇంటి అడ్రసు దొరుకుతుందేమోనని ఆవిడ ఆ రెండు బకిళ్లు ఊడదీసింది. బరిణె చూసి కుంకుమనుకుంది. మూత తీస్తే తెల్లగా ఉంటే నాలుక మీద వేసుకుని చూసింది, అప్పుడు అక్క నోట్లో పోసింది. "శక్కరను మీరు గట్లంటరని నాకేమెర్క? మా ఊర్ల ఎవ్వలు అనరు" అని ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. అంతమంది జనంలో ఒక్కరికీ ఆ మాట అందలేదు. రెండు మాటలూ తెలిసినవాడు బస్సులో కూర్చుని వెళ్లిపోయాడు. అదే మనిషి ఇప్పుడు గుమ్మంలో పుస్తకాలు పట్టుకుని నిలబడి, ఏమైందమ్మా అని అడిగాడు.

పడినప్పుడు అక్క కుడి మణికట్టు విరిగింది. వంకరగా అతుక్కుంది. పరీక్ష పోయింది, తర్వాత టైపే పోయింది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ చెప్పినట్టు వినేవి కావు. ఈ సంచి ఎవడు కొనమన్నాడని నాన్న కేకలేస్తే, "నేనే ఏరుకున్నాను నాన్నా" అంది. నేను పక్క గదిలోంచి విన్నాను. బయటికి రాలేదు. చిన్న సైకిలును అమ్మేశారు. నల్ల సంచి అమ్మకుండా నేను తీసుకున్నాను, డిగ్రీ అయ్యేదాకా దానిలోనే పుస్తకాలు పెట్టుకున్నాను. చాలా గట్టిది, బాగా మన్నింది.

అక్క ఆ తర్వాత ఎక్కడికీ ఒంటరిగా వెళ్లలేదు. అమ్మానాన్నలు పోయాక నా ఇంట్లోనే ఒక గదిలో ఉంది. దాని మందు నా ఫ్రిజ్జులో నా పిల్లల చాక్లెట్ల పక్కన ఉండేది, అంత చోటు ఇచ్చినందుకే నేను గొప్పవాణ్ణని నాకు లోలోపల ఒక భావం. ఒకసారి మా ఆవిడకు సాయంగా కూరగాయలు తరుగుతూ వేళ్లు సహకరించక గిన్నె పడేస్తే, "ఒక్క పనీ రాదు నీకు" అని కసిరాను. ఆ చేతి గురించి నా చేత కసిరించుకోవడం దానికెలా ఉండి ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు.

నిరుడు ఎల్బీనగర్‌లోని ఒక ఆస్పత్రిలో అక్క కిడ్నీలు పాడై పడుకున్నప్పుడు, ఇక దాచలేక, ఆ రోజు నేను బస్సులో ఉన్నానని చెబుదామని మంచం పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక దుప్పటి సర్దుతున్నాను. అక్కే మాట్లాడింది.

"ఎడమవైపు కిటికీ దగ్గరున్నావు. చారల చొక్కా. నిన్ను చూశాకే పంచదార అన్నాన్రా. వాళ్లతో కాదు. నీకైతే తెలుస్తుంది కదా అని."

పోనీలేరా అంటుందేమోనని చూశాను. అనలేదు. తిట్టనూ లేదు. ఫ్యాను కాస్త తగ్గించమని అడిగి, గోడవైపు తిరిగింది. ఆ వారమే పోయింది.

దుకాణదారు మంచినీళ్లిచ్చి ఇంకా నిలబడే ఉన్నాడు. ముందుకేనని చెప్పాను. మూత లేనిది, చేతికందేది. పొద్దున్నే దాన్ని తగిలించుకుని కొత్తపేట దాకా వెళ్లి వస్తుంటాను. పండ్ల మార్కెట్టు అక్కడ లేదు, ఊరి బయటికి తరలించేశారు. బత్తాయిల వాసన వచ్చే చోట ఇప్పుడు పైన రైలు పోతుంది. మాటలు కూడా మారిపోయాయి. మా కోడలు తెలంగాణ పిల్ల, మా ఆవిడ కోస్తా మనిషి, ఇద్దరూ టీలోకి షుగరే అంటారు. వీధిలో ఏ దుకాణంలో అడిగినా, ఎవరు అడిగినా, ఆ ఒక్క మాటతోనే అందరికీ అర్థమైపోతుంది.

దారి పక్కన ఎక్కడైనా నలుగురు గుమిగూడి కనిపిస్తే నేను సైకిలాపి, కాలు నేలకానించి, చెవి ఒగ్గి వింటాను. పంచదార అని ఎవరూ అనరు.