దర్జీ కొట్టు ముందు గుంట

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. లోకంలో అందరి తప్పులూ నేను దిద్దుతాను. ఇంట్లో నా తప్పులు దిద్దే భారం మాత్రం మా మామగారు నెత్తినేసుకున్నారు. ముప్పై ఏళ్లు బడిపిల్లల వ్యాను నడిపిన మనిషి. ఐదేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. అయినా కారెక్కితే ముందు సీటు ఆయనదే, పెత్తనమూ ఆయనదే.

"కాలవ మూత దాటాం. గేరు మార్చు అల్లుడూ," అనేవారు. కాసేపటికి ఎడమ చక్రం గుంటలో దిగి డబడబమని రెండుసార్లు కొట్టుకోగానే, "దర్జీ ఇవాళ కొట్టు తీశాడా?" అని అడిగేవారు. దర్జీతో ఆయనకు ఏ పనీ లేదు. ఎక్కడున్నామో తనకు తెలుసని మాకు చెప్పడమే పని. కారు ముందువైపు కుదుపులు ఆపే షాకులు అరిగిపోయి ఉండబట్టి వీధులన్నీ ఆయనకు నడుంతోనే కనబడేవి. కళ్లున్న నాకంటే ఆయనకే దారి బాగా తెలిసినందుకు నాకు ఒళ్లు మండేది.

మా ఆవిడకి ఏడో నెల. ఆస్పత్రికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నడుం పట్టుకుని కూర్చునేది. షాకులు మార్చేద్దామంటే మాత్రం ఒప్పుకోదు.

"కొత్తవి వేస్తే నాన్నకి దారెలా తెలుస్తుందండీ? ఆయనకి మిగిలింది అదొక్కటే. నాకేం నొప్పి లేదు," అంది వంటింట్లో, గొంతు తగ్గించి.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి దగ్గరా రహస్యాలు! ఆ సాయంత్రమే మామగారు నన్ను పిలిచారు.

"గుంట వచ్చినప్పుడల్లా అమ్మాయి ఊపిరి బిగబడుతోంది. వెనక సీట్లో కూర్చుంటే నాకు వినబడదనుకుంటోంది పిచ్చిది. ఆదివారం షాకులు మార్చేద్దాం, తీసుకురా."

"గ్యారేజీవాడు పది రోజులాగమన్నాడు మామయ్యా."

"శుక్రవారం మళ్లీ ఆస్పత్రికి వెళ్లాలిగా? నీకు చేతులు లేవా, నాకు నోరు లేదా?"

నూనె కారుతున్నది ఎడమదే కదా, అదొక్కటే తెస్తానన్నాను. "ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాతదీ వేసుకుని నడుస్తావా?" అన్నారు. నోరు మూసుకుని రెండూ తెచ్చాను, స్ప్రింగులతో సహా బిగించి ఉన్నవి.

ఆదివారం పొద్దున్నే ఇంటిముందు గచ్చు మీద కారు ముందు భాగం జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం విప్పాను. మామగారు పానాల డబ్బా ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్నారు. నేను నంబరు చెప్పడం ఆలస్యం, వేళ్లతో తడిమి చేతికందించేవారు.

"కింద బోల్టులు తీసేముందు బ్రేకు భాగాన్ని తీగతో పైకి కట్టు. లేకపోతే దాని బరువంతా బ్రేకు నూనె గొట్టం మీద పడుతుంది."

కట్టాను. తుప్పుపట్టిన బోల్టులు నూనె తాగి, నా చేత చెమటలు కక్కించి, అప్పుడు కదిలాయి. ఇక బానెట్ కింద మూడు చిన్న నట్లు, వాటి నడుమ ఒక పెద్దది. ముందు పెద్దదాని పని పడదామని పెద్ద పానా అడిగాను. ఆయన ఇవ్వలేదు.

"దాని జోలికెళ్లావా, లోపల నొక్కిపెట్టిన స్ప్రింగు నీ మొహమ్మీదికొస్తుంది. చుట్టూ ఉన్న మూడే తియ్యి," అని చిన్న పానా నా చేతిలో పెట్టారు. ఆ పూట నా మొహం ఈ ఆకారంలో మిగిలిందంటే ఆయన చలవే.

పాత షాకు బయటికొచ్చింది. మామగారు దాన్ని ఒళ్లోకి తీసుకుని, కారిన నూనెనంతా గుడ్డతో నెమ్మదిగా తుడిచారు.

"చాన్నాళ్లు దారి చూపించావు. ఇక చాల్లే," అన్నారు.

"నేనేం దారి చూపించాను మామయ్యా?"

"నీతో కాదు."

సాయంత్రానికి రెండోవైపూ అయింది. మర్నాడు చక్రాల అలైన్‌మెంటు సరిచేయించుకొచ్చాను.

శుక్రవారం ముగ్గురం ఆస్పత్రికి బయల్దేరాం. కాలవ మూత వచ్చింది, పోయింది, చప్పుడే లేదు. నేను కావాలనే గేరు ఆలస్యంగా మార్చాను. తిడతారేమోనని ఆశ. ఆయన మాత్రం తలుపు పిడి పట్టుకుని, మొహం కొంచెం అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. దర్జీ కొట్టు ముందు గుంటలో చక్రం మెత్తగా దిగి మెత్తగా లేచింది. ఆయన ఏమీ అడగలేదు. కొత్త షాకుల్ని పీకి పారేద్దామన్నంత బాధేసింది నాకు.

అప్పుడు మా ఆవిడ వెనకనుంచి ముందుకు వంగింది.

"నాన్నా, దర్జీ కొట్టు తీశాడు."

ఆయన మొహం వెనక్కి తిప్పారు.

"గుంట దాటేశామా? నీ ఊపిరి మారనేలేదే!"

"నాకు తెలియనే లేదు నాన్నా."

"అయితే సరే," అన్నారు. తర్వాత మెల్లగా, "ఏం కుడుతున్నాడే?"

మా ఆవిడ కారు ఆపమంది. పక్కకు తీసి ఆపాను. అద్దం దించి చూసింది.

"నీలం గౌను. చిన్నపిల్లది. ఇంకా చేతులు కుట్టలేదు."

"బడి గౌనే అయ్యుంటుంది," అన్నారు మామగారు. మొహం విచ్చుకుంది. "ఇక పోనీ అల్లుడూ. ఈసారైనా గేరు టైముకి మార్చు."