దేవకుమారికి కప్పిన శాలువా

కండక్టరు దేవకుమారి నోటికి ఆ దారిలో భయపడనివాళ్ళు లేరు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళను చొక్కా పట్టుకుని లోపలికి లాగేది. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్న పెద్దమనిషి కనబడితే ఆ తువ్వాలు తీసి ఆయన చేతిలోనే పెట్టేది. "ఈ బస్సు మీ తాతగారు మీ పేర రాసిచ్చారా అండి?" అని అడిగేది. ఎంత తిట్టినా 'అండి' మాత్రం వదిలేది కాదు.

ఆమెది కాకినాడకు గంట ప్రయాణం దూరంలో ఉన్న పట్టణం. పేరు అనవసరం. నోరు జారి ఒక పేరు చెప్పడం వల్ల ఏం జరిగిందో కాసేపట్లో తెలుస్తుంది.

తండ్రి యెహెజ్కేలు లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. అతను జబ్బుపడి కాకినాడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చంటిపిల్లతో వెళ్ళలేక ఆమె రోజూ బస్సులో క్యారేజీ పంపేది. ఎవరో కండక్టరు దాన్ని పట్టుకెళ్ళి చేరవలసిన చేతికి చేర్చేవాడు. అతని పేరు కూడా ఆమెకు తెలియదు. భర్త పోయాక ఉద్యోగం ఆమెకిచ్చారు. ఖాకీ కోటు వేసుకుని బస్సెక్కిన మొదటిరోజే, క్యారేజీ పట్టుకుని దిక్కులు చూస్తున్న ఒక ముసలమ్మను పిలిచి, "ఇలా తెండి, నేనిస్తాను" అంది. అప్పటినుంచీ ఆమె బస్సులో ఇంజను బానెట్టు ఖాళీగా ఉన్న రోజు లేదు.

మన వైపు ఇది కొత్తేం కాదు. మనిషి వెళ్ళడు, క్యారేజీ ఒక్కటే వెళుతుంది. హాస్టల్లో పిల్లకి పులిహోర, హార్బరులో పనిచేసే తమ్ముడికి చేపల పులుసు, ఆసుపత్రిలో తండ్రికి చారన్నం. కాకినాడ బస్సు కాంప్లెక్సులో ఎవరో వచ్చి పట్టుకుపోతారు. మనిషి తోడులేని సామాను ఎక్కించకూడదని రూలుంది. ఆ రూలు రాసినవాళ్ళ అమ్మలు కూడా ఏదో ఒక బస్సులో క్యారేజీ పంపే ఉంటారు.

బస్టాండు వెనక వీధిలో మస్తాన్ అనే టైలరు ఉండేవాడు. ఊళ్ళో బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆయన కుట్టినవే. దేవకుమారి చీర మీద వేసుకునే ఖాకీ కోటు కూడా ఆయన చేతిదే. ఆయనకు కడుపు ఆపరేషనయింది. కాకినాడ ఆసుపత్రిలో కూతురు దగ్గరుంది. జావ తప్ప ఏమీ పెట్టవద్దన్నారు డాక్టర్లు. కొట్టు మూస్తే ఇల్లు గడవదు కాబట్టి భార్య నాగూర్‌బీ మిషను తొక్కుతూ ఇంటి దగ్గరే ఉండిపోయింది. మొదటిరోజు ఆమె క్యారేజీలో పోసి పంపిన రాగిజావ కాకినాడ చేరేసరికి ఒలికిపోయి అడుగంటింది.

మర్నాడు దేవకుమారి ఆమెను నిలదీసింది. "ఏంటండి నాగూర్‌బీ గారూ, జావ ఎవరన్నా క్యారేజీలో పోస్తారా? సగం మా ఇంజనే తాగేసింది. కుక్కర్లో కాచి ఆ మూతతోనే ఇచ్చేయండి. చుక్క ఒలకదు, వేడి కూడా ఆరదు."

"అలాగేనండి, కండక్టరమ్మ గారండి," అంది నాగూర్‌బీ. ఆ రోజు నుంచి పాత లుంగీలో మూటగట్టిన కుక్కరు బానెట్టు మీదకి వచ్చి కూర్చుంది. మస్తాన్ కడుపునిండా జావ తాగుతున్నాడని కాకినాడ కాంప్లెక్సులో కూతురు చెప్పినప్పుడల్లా దేవకుమారి తనే వండి పెట్టినంత మురిసిపోయేది.

అలాంటి రోజుల్లో ఎక్కడో ఉత్తరాదిన ఒక పెద్ద నగరంలో బాంబు పేలింది. రోడ్డు మీద ఒంటరిగా పడివున్న పిల్ల చెప్పును టీవీలో చూసి దేవకుమారి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఊరంతా ఏడ్చింది. ఆ ఏడుపు నిజం, ఆ భయం కూడా నిజం. కాని ఆ భయాన్ని బస్తాల్లో నింపి అమ్ముకోవడానికి ఊళ్ళో ఒక మనిషి అప్పటికే తయారుగా ఉన్నాడు.

అతను ఎరువుల కొట్టు గణేష్‌బాబు. మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. బాంబు పేలిన మర్నాటికే సెంటర్లో అతని ఫ్లెక్సీ లేచింది. 'అప్రమత్తంగా ఉండండి' అని చిన్న అక్షరాలు, దండం పెడుతూ అతని బొమ్మ మాత్రం మేడంత. పట్టణ రక్షణ అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. అందులో పొద్దున లేస్తే అనుమానాలే. ఏళ్ళ తరబడి దుప్పట్లు అమ్ముకోవడానికి వస్తున్న మనిషిని ఆ గ్రూపువాళ్ళే ఊరి పొలిమేర దాకా తరిమి, వీడియో తీసి పెట్టుకున్నారు. ఏం ఘనకార్యమని!

బస్సులో కూడా గాలి మారింది. ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బు తీసేశాక కాలు పెట్టే చోటు లేకుండా కిక్కిరిసే బస్సులో, ఇదివరకు ఒకరి ఒళ్ళో ఒకరు సంచులు పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు పక్కవాళ్ళ సంచి కాలికి తగిలితే ఉలిక్కిపడుతున్నారు. "అందులో ఏముందో చూడండి మేడం" అని దేవకుమారిని పిలుస్తున్నారు. "ఏముంటుందండీ, వంకాయలుంటాయి" అని ఆమె విసుక్కునేది.

ఆ రోజు నాగూర్‌బీకి ఆలస్యమైంది. పొయ్యి మీద కుక్కరు దించి దించినట్టే మూటగట్టి, పరుగెత్తుకొచ్చి ఇచ్చింది. కరప దాటాక కాలవ గట్టు రోడ్డు మీద బస్సు ఒక గోతిలో పడి లేచింది. ఆ కుదుపుకి మూటలోంచి బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చింది.

ముందు సీటులో ఎవరో "బాంబు!" అన్నారు. అంతే. బస్సంతా ఒక్కసారి లేచింది. డ్రైవరు అప్పాజీ బ్రేకు వేసి అందరికంటే ముందు కిందికి దూకాడు. ఆ మూటలో ఏముందో అతనికి తెలుసు, రోజూ చూసేదే. ఐనా దూకాడు. వెనక టిక్కెట్లు కొడుతున్న దేవకుమారి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చేసరికి బస్సు ఖాళీ. ఆమె, కుక్కరు మిగిలారు.

ఆమె మూట తీసుకుని కిందికి దిగబోయింది. "అక్కడే పెట్టెయ్యండి! దిగండి!" అని జనం అరిచారు. ఎవరో అప్పటికే పోలీసులకు ఫోన్ చేశారు. దగ్గర్లోనే ఉన్నాడేమో, ఎస్సై వెంటనే వచ్చాడు.

"జావండీ బాబూ! రాగిజావ! కావాలంటే నేనే తాగి చూపిస్తాను" అని దేవకుమారి మొత్తుకుంది.

"ఎవరిదమ్మా?" అన్నాడు ఎస్సై.

మనిషి పేరు చెబితే భయం పోతుందనుకుంది ఆ పిచ్చి తల్లి. ఊళ్ళో అందరి బట్టలూ కుట్టే ఇంటి పేరు. అనామకంగా పడివున్న మూటకి ఒక ఇల్లూ, ఒక పొయ్యీ ఉన్నాయని తెలిస్తే అందరూ నవ్వేసి బస్సెక్కుతారనుకుంది.

"నాగూర్‌బీ గారిదండి," అంది.

ఎవరూ నవ్వలేదు. అంతవరకూ గట్టు మీద నిలబడినవాళ్ళు మరి నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఎస్సై ఆమెను మూట వదిలి దూరంగా జరగమని ఫోన్ తీశాడు. బాంబు స్క్వాడ్ వచ్చింది. ఇసుక బస్తాలు వచ్చాయి. చివరికి పెద్ద శబ్దంతో కుక్కరును పేల్చేశారు. రాగిజావ రోడ్డు మీద చెల్లాచెదురుగా పడింది. కాకులు దిగి తాగాయి. కాకినాడ కాంప్లెక్సులో కూతురు ఎదురుచూసి, ఖాళీ చేతులతో ఆసుపత్రికి వెళ్ళింది.

నాగూర్‌బీని రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. ఇంట్లో బియ్యం డబ్బా, దారపు ఉండలు కూడా వదలకుండా వెతికారు. కుట్లు ఆరని కడుపుతో పడుకున్న మస్తాన్ దగ్గరికి వెళ్ళి, నిన్ను చూడటానికి ఎవరెవరు వస్తారని అడిగారు. పక్క మంచం వాళ్ళు తమ రోగిని వేరే వార్డుకి మార్పించుకున్నారు. చీకటిపడ్డాక నాగూర్‌బీని ఇంటికి పొమ్మన్నారు. జావేనని తేలింది. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు.

అది జావ అని ఆ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాలేదు. 'పెను ప్రమాదం తప్పింది, మహిళా కండక్టర్ సాహసం' అని వచ్చింది. కింద దేవకుమారి ఫోటో. రెండు రోజుల్లో జనం మస్తాన్ కొట్టుకి వచ్చి, కుట్టని బట్టలు కుట్టనట్టే వెనక్కి తీసుకుపోయారు.

డిపో మేనేజరు దేవకుమారిని పిలిచాడు. "గణేష్‌బాబు గారు మీకు సన్మానం చేస్తారంటమ్మా. వెళ్ళి శాలువా కప్పించుకుని వచ్చేయండి. కుక్కరు ఎవరు పెట్టారో మీకు తెలీదు. అనుమానమొచ్చి మీరే బస్సు ఆపించారు. అంతే."

"నేనే కదండీ ఎక్కించింది?"

"ఆ మాటే అనకండి. అంటే, తోడులేని సామాను ఎక్కించినందుకు నేను మిమ్మల్ని సస్పెండ్ చెయ్యాలి. మీ ఇష్టం."

ఆమె ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ఉద్యోగం పోతే ఏం తింటుంది? ఎవరికి చెప్పుకుంటుంది? అలాగని నోరు మూసుకుంటే, బాంబు పెట్టిన ఇల్లు అనే పేరు మస్తాన్ కొట్టుకి శాశ్వతంగా ఉండిపోతుంది. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. మేనేజరు మీద, గణేష్‌బాబు మీద, అందరికంటే ముందు దూకిన అప్పాజీ మీద. అన్నిటికీ మించి, రోజూ తన బస్సెక్కి, తన చేత తిట్లు తిని, తమ పిల్లలకి తన చేతే క్యారేజీలు పంపించి, ఒక్క పేరు వినగానే వెనక్కి జరిగిన ఆ జనం మీద.

సెంటర్లో స్టేజీ కట్టారు. బంతిపూల దండ వేశారు. ఖాకీ కోటు మీద జరీ అంచు శాలువా కప్పి, గణేష్‌బాబు కెమెరా వైపు తిరిగి నిలబడ్డాడు. "వీరనారి!" అన్నాడు. "మన ఊళ్ళోనే శత్రువులున్నారు, ఇలాంటి తల్లులుండబట్టి మనం బతికున్నాం" అన్నాడు. చప్పట్లు మోగాయి. "రెండు ముక్కలు చెప్పండి మేడం" అని మైకు ఆమె చేతికిచ్చారు.

"ఆ కుక్కర్లో ఏముందో వీళ్ళు మీకు చెప్పారా అండి?" అని అడిగింది దేవకుమారి. "రాగిజావ. మస్తాన్ గారి కడుపు కోశారు, ఆయన తాగాల్సిన జావ. కుక్కర్లో పెట్టమన్నది నేను. బానెట్టు మీద పెట్టింది నేను. ఇందులో నేను కాపాడిందేంటండి? ఆయన నోటి దగ్గర కూడు రోడ్డున పోయించాను, దానికా శాలువా?"

మైకు ఆగిపోయింది. ఇంజను మోత మీద ఏళ్ళ తరబడి అరిచిన గొంతుకి మైకుతో పని లేదు.

"ఏమ్మా సంపూర్ణమ్మ గారూ, మీ మనవడికి హాస్టలుకి పులిహోర ఎవరు పట్టుకెళ్ళారండి? అందులో ఏముందని ఒక్కరోజన్నా అడిగానా? మీ క్యారేజీ ఐతే క్యారేజీ, ఆవిడ కుక్కరైతే బాంబా? సిగ్గులేదా అండి మనకి?"

ముందు వరసలో కూర్చున్న సంపూర్ణమ్మ తల దించుకుంది. ఎవరో ఒకరు చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్ళు కొట్టకపోవడం చూసి ఆపేశారు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. "మేడం గారు షాక్‌లో ఉన్నారు" అని గణేష్‌బాబు నవ్వుతూ అందరికీ కూల్‌డ్రింకులు పంచమన్నాడు. మర్నాడే ఆమెకు సస్పెన్షన్ వచ్చింది.

ఆ మర్నాడు పొద్దున్నే దేవకుమారి చీర కట్టుకుని, కోటు లేకుండా, నాగూర్‌బీ ఇంటికి వెళ్ళింది. నాగూర్‌బీ గుమ్మంలో కూర్చుని, కూల్‌డ్రింకు తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాలోకి జావ పోస్తోంది. జావ పల్చగా, నీళ్ళలా ఉంది.

"ఇదేంటండి?"

"లోపల ఏముందో అందరికీ కనబడాలి కదండి," అంది నాగూర్‌బీ తలెత్తకుండా. "వేడిది పోస్తే సీసా సొట్టపోతోందండి. అందుకని చల్లార్చి పోస్తున్నాను. చిక్కగా ఉంటే మూతిలోంచి దిగట్లేదండి."

దేవకుమారికి కళ్ళు తిరిగినంత కోపం వచ్చింది. ఆ సీసా లాక్కుని జావ గిన్నెలో ఒంపేసింది. ఇంటికి వెళ్ళి తన కుక్కరు తెచ్చింది. పొయ్యి వెలిగించి, ఇంత పిండి వేసి, చిక్కగా కాచింది. ఆవిరి పోయేదాకా ఆగింది. కుక్కరు మూత మీద ఆమె పేరు చెక్కించి ఉంది. నాగూర్‌బీ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"మీ పేరుంది కదండి. ఎవరన్నా అడిగితే మీదేనని చెప్పేయండి, కండక్టరమ్మ గారండి. నా పేరు చెప్పకండి. మీకు దండం పెడతాను."

 దేవకుమారి చేతి సంచిలోంచి జరీ అంచు శాలువా తీసి, కుక్కరును దానిలో బిగించి మూటగట్టింది.

బస్సు కిక్కిరిసి ఉంది. కొత్త కండక్టరు ఆమెకు ఫ్రీ టిక్కెట్టు కొట్టి ఇచ్చి, ఒళ్ళో ఉన్న మూట వైపు చూసి ఏమీ అనలేకపోయాడు. సామానుకి మనిషి తోడుంది మరి. కరప దగ్గర పక్క సీటావిడ మోచేతికి మూట వేడి తగిలింది. ఆమె ఉలిక్కిపడి, శాలువా జరీ చూసి కాస్త కుదుటపడి, "ఏంటండీ ఇది? ఎవరిదండి?" అని అడిగింది.

మూత మీద ఉన్న పేరు చెబితే సరిపోయేది. వినేవాళ్ళందరికీ అదే నచ్చేది.

"రాగిజావండి," అంది దేవకుమారి, వెనక సీటుదాకా వినిపించే కండక్టరు గొంతుతో. "నాగూర్‌బీ గారిదండి."

ఆవిడ లేచి వెళ్ళి, జనంలో కడ్డీ పట్టుకుని నిలబడింది. దేవకుమారి ఆవిడ వంక ఒకసారి చూసి, కుక్కరును ఒళ్ళోంచి తీసి ఆ ఖాళీ సీటులో పెట్టి, పడిపోకుండా చెయ్యి వేసి పట్టుకుంది. నిలబడటానికి చోటులేని ఆ బస్సులో, కాకినాడ వచ్చేదాకా ఆ సీటు అడిగినవాళ్ళు లేరు.