ఎల్లారెడ్డి వాటా

చక్రధరన్న నాకు తోడబుట్టినవాడు కాదు, చుట్టం అంతకన్నా కాదు. ఎల్లారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్. నేను కామారెడ్డిలో ఇంకో కాలేజీ లైబ్రేరియన్‌ని, పేరు పద్మప్రియ. ఆయన మాత్రం నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, చెల్లె అనే అంటాడు. ఆయన గురించి చెప్పాలంటే ముందు మా కాలేజీల పొత్తు గురించి చెప్పాలి.

పుస్తకాలు కొనడానికి ఏ కాలేజీ దగ్గరా చాలినంత ఉండదు. అందుకని ఈ చుట్టుపక్కల ఆరు కాలేజీలు పొత్తు కుదుర్చుకున్నాయి. ఖరీదైన పుస్తకం ఆరు చోట్లా కొనకుండా ఒకచోటే కొనాలి, అడిగినవాళ్లకు పంపాలి. మొదట్లో సంచీలో పెట్టి బస్సులో పంపేవాళ్లం. ఎల్లారెడ్డి నుంచి సంచీ బయల్దేరిందంటే వెనకనే చక్రధరన్న ఫోన్ చేసేవాడు. పుస్తకం ఎక్కించాను, డ్రైవరు సీటు వెనకే ఉంది, అట్ట కాస్త చిరిగింది, జాగ్రత్త అని. అంతటితో అయిపోతుందా? మీ దిక్కు వాన పడిందా, పోచారం చెరువు నిండిందట కదా, అన్నం తిన్నావా అని సాగదీసేవాడు. నాకు పనుందన్నా, ఉంటాను అని విసుక్కునేదాన్ని. ఆయన భార్య కరోనా వచ్చిన ఏడాది పోయింది. పిల్లలు లేరు. సొంతూరు నాగిరెడ్డిపేటలో ఇంటికి తాళం వేసి, ఎల్లారెడ్డి బస్టాండు వెనక కిరాయి గదిలో ఉంటున్నాడు. మాట్లాడే మనిషి దొరికితే వదులుతాడా మరి.

తర్వాత ఆన్‌లైన్ పత్రికలు వచ్చాయి. వేలకొద్దీ పరిశోధన వ్యాసాలు, అన్నీ కంప్యూటర్లోనే. ఒక్క కాలేజీ కొనాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఆరూ కలిసి కొన్నాయి. ఎవరి వాటా వాళ్లు వేసుకున్నారు, ఎవరి లాగిన్ వాళ్లకు వచ్చింది, వాటి అజమాయిషీ మాత్రం నాకు అప్పగించారు. ఇక సంచీతో పని లేకుండా పోయింది. ఫోన్ చేయడానికి చక్రధరన్నకు సాకూ లేకుండా పోయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఏ కాలేజీలో ఎన్ని వ్యాసాలు తెరిచి చూశారో ఆ పత్రికలమ్మే కంపెనీ లెక్క పంపుతుంది. ఏడాది చివర ఆరుగురు ప్రిన్సిపాళ్లూ మా కాలేజీలో కూర్చుని ఆ లెక్క చూస్తారు, వెనక కుర్చీల్లో లైబ్రేరియన్లమూ ఉంటాం. పదిమంది చేరితే పాము చావదంటారు గానీ, వీళ్లు చేరితే ఏదో ఒక లైబ్రరీ చస్తుంది. అందరి లెక్కా వందల్లో ఉంటే ఎల్లారెడ్డిది రెండు చేతుల వేళ్లు దాటలేదు. వాడనివాళ్లకు వాటా ఎందుకు, ఐదుగురం సర్దుకుందాం, పొత్తులో అక్కడ కొన్న మంచి పుస్తకాలు కామారెడ్డికి తెచ్చుకుందాం అన్నారు మా ప్రిన్సిపాల్ రామస్వామి గారు. అంటే ఎల్లారెడ్డిలో మిగిలేది పోటీ పరీక్షల గైడ్లు, వాటికి కాపలాగా చక్రధరన్న. ఆయన లేచి నిలబడ్డాడు. ఒక్క ఏడాది చూడండి సార్ అన్నాడు. ఆ గొంతు విని ఒక ఏడాది గడువిచ్చారు.

ఆ ఏడు ఎల్లారెడ్డి లెక్క పెరగసాగింది. నెలనెలా చూసి మురిసిపోయాను. పిల్లల్ని ఎట్లా రప్పించావన్నా అని నేనే ఫోన్ చేసి అడిగాను. వస్తున్నరు చెల్లె అన్నాడు, అంతే. వాన సంగతి కూడా అడగలేదు. నేనేమో మిగతా కాలేజీల వాళ్లను పట్టుకుని, ఆయన్ని చూసి నేర్చుకోండయ్యా అని దెప్పిపొడిచాను.

చలికాలం వచ్చింది. పీహెచ్‌డీ చేసేవాళ్లు గడువు ముంచుకొచ్చి కిందామీదా పడుతున్న రోజులు. ఒక సోమవారం పొద్దున ఆరు కాలేజీల లాగిన్లూ ఒక్కసారే బందయ్యాయి. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఎల్లారెడ్డిలో ఒక కంప్యూటర్ నుంచి ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వ్యాసాలు తెరుస్తున్నారు, ఇది మనిషి చదివే తీరు కాదు, ఎవరో యంత్రం పెట్టి మొత్తం దించుకుంటున్నట్టుంది, సంజాయిషీ ఇచ్చేదాకా అందరికీ ఆపేశాం అని. ఇక నా ఫోన్‌కు ఊపిరాడలేదు. అడిగినవాళ్లు, అరిచినవాళ్లు, ఏడ్చినంత పని చేసినవాళ్లు. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెరిపిందట, ఆనాడే ఎల్లారెడ్డిని తీసేస్తే పీడ పోయేది అన్నారు రామస్వామి గారు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఈ గోల పడి, బుధవారం ఎల్లారెడ్డి బస్సెక్కాను.

రీడింగ్ హాల్లో కుర్చీలన్నీ బల్లల కిందికి నెట్టి ఉన్నాయి. తుడిచిన బల్లల మీద చెయ్యి పెట్టిన జాడ లేదు. చక్రధరన్న నన్ను చూసి గబగబా లేచి ఫ్యాన్ వేశాడు, చలి అని మళ్లీ ఆపేశాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. చాయ్ వద్దు గీయ్ వద్దు, ఈ పని ఏ పిల్లగాడు చేశాడో పేరు చెప్పు అన్నాను. ఒక బల్ల కిందినుంచి కుర్చీ లాగి నా ముందు వేశాడు.

"పిల్లగాండ్లెవ్వరు లేరు చెల్లె. నేనే తెరిచిన."

ఏడాదంతా ఆయనేనట. మధ్యాహ్నం అన్నం తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చునేవాడట. దొంగలెక్క చూపించడానికి మనసొప్పక, తెరిచినదల్లా ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాడట. చేపల జబ్బుల గురించి, బీడీలు చేసే ఆడవాళ్ల దగ్గు గురించి, ఎక్కడో ఆఫ్రికాలో మేకల గురించి. కొన్ని అర్థమయ్యాయట, కొన్ని కాలేదట. మీటింగు దగ్గరపడ్డాక చూసుకుంటే ఆ లెక్క చాలదనిపించిందట. శనివారం గాబరా పుట్టి, చదవకుండానే వరుసగా తెరుచుకుంటూ పోయాడట. కంపెనీ వాళ్లు యంత్రం అనుకున్నది మా చక్రధరన్న చూపుడువేలును.

తిట్టడానికి వచ్చినదాన్ని, తిట్టాను కూడా. ఇంత వయసొచ్చి ఇదేం పని, అందరి నోట్లో మట్టి కొట్టావు కదా అన్నాను. తలవంచుకుని విన్నాడు. తర్వాత నాకే ఏడుపొచ్చింది. ఎవరూ రాని హాల్లో ఒక్కడే కూర్చుని, తన లైబ్రరీకి తానే పాఠకుడైన మనిషిని ఇంకేమంటాం.

ఒక దారుందన్నా అని చెప్పాను. లాగిన్ ఆగిపోయి ఇక్కడ ఇబ్బందిపడ్డవాళ్లు ఒక్కరున్నా చాలు. స్టూడెంటు కావచ్చు, లెక్చరర్ కావచ్చు. ఆ పేరు పట్టుకుని మీటింగులో నేను కొట్లాడతాను అన్నాను. బందయిందని బోర్డు మీద రాశావా అని అడిగితే, సోమవారమే రాశానన్నాడు, అందరికీ కనిపించేలా గేటు దగ్గర కూడా రాశాడట. మరి ఎవరైనా వచ్చి అడిగారా అన్నాను.

"ఎవ్వరడుగుతరు చెల్లె. బందయిందని తెల్సింది నాకొక్కనికే."

కంపెనీకి సంజాయిషీ నేనే రాశాను. యంత్రం కాదు, మనిషే, ఇక ముందు జరగదు అని. లాగిన్లు మళ్లీ వచ్చాయి. మీటింగులో, ఎల్లారెడ్డిలో కూడా ఒక పాఠకుడున్నాడు సార్, ఆ ఒక్కడి కోసమైనా ఉంచండి అన్నాను. ఎవరమ్మా ఆ మహానుభావుడు అన్నారు రామస్వామి గారు. లైబ్రేరియనే అన్నాను. అందరూ ఘొల్లున నవ్వారు. మర్యాదకు చక్రధరన్న కూడా నవ్వాడు. అది చూడలేక తల తిప్పుకున్నాను. ఎల్లారెడ్డి వాటా తీసేశారు.

పుస్తకాలు వ్యాన్లో కామారెడ్డికి వచ్చాయి. ఎల్లారెడ్డి లాగిన్ తీసేయాల్సింది కూడా నేనే. రెండు రోజులు వాయిదా వేసి, ఇక తప్పదని తీసేశాను.

ఆ మధ్యాహ్నమే చక్రధరన్న ఫోన్ చేశాడు. తెరుచుకుంటలేదు చెల్లె అన్నాడు. నేనే తీసేశానన్నా, ఇక రాదు అని చెప్పాను. సరే సరే అన్నాడు గానీ ఫోన్ పెట్టలేదు.

"ఒకటి సదువుడు నడుమల ఉండె. తమిళనాడుల ఒక చెరువు ముచ్చట. తూము కాడోళ్లే నీళ్లన్ని మలుపుకుంటుంటే ఆఖరి మడోళ్లు కొట్లాడుతుండ్రు. రెండు పేజీలే మిగిలినయి. ఆఖరి మడికి నీళ్లచ్చినయా లేదా, జర చూసి చెప్తవా?"

ఇప్పుడిక ఆయన చదువుతున్నది ఏ లెక్క కోసమూ కాదు. ఆ లాగిన్ ఏమైందని ఎల్లారెడ్డి నుంచి అడిగిన మనిషి ఈయనొక్కడే. నా కంప్యూటర్లో ఆ వ్యాసం వెతికి తీసి, ఆ రెండు పేజీలూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఊ కొడుతూ విన్నాడు. చివరి పేరాకొచ్చాను. అబద్ధం చెబుదామా అనుకున్నాను, చెప్పలేకపోయాను.

"రాలేదంటన్నా."

అటువైపు కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడైంది.

"ఇంకొకటేదన్న సదువు చెల్లె" అన్నాడు. "వింట."